ఐసీయూ తలుపు బయట నేనెవరిని?

ఆ రోజు బాపట్లలో స్కూలుకు బయలుదేరుతూ సుగుణ గుమ్మం దగ్గర ఆగిపోయింది. పాదాలు తిమ్మిరెక్కాయని, కాలికి చెప్పు ఉన్నట్టే తెలియడం లేదని అంది. నీరసమేలే అని నేనే తేలిగ్గా తీసేశాను. మూడో రోజుకు నా భుజం పట్టుకున్నా లేవలేకపోయింది.

మేమిద్దరం టీచర్లం. పదకొండేళ్లుగా కలిసి ఉంటున్నాం. ఇరుగుపొరుగుకు స్నేహితురాళ్లం. మా వరకు మాది కాపురం.

తెనాలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాను. న్యూరాలజిస్టు మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి చూశారు. కాలు కదల్లేదు. నరాల పనితీరు చూసే నెర్వ్ కండక్షన్ టెస్టు, వెన్నులోంచి నీరు తీసే లంబార్ పంక్చర్ చేశారు.

“జీబీఎస్ అమ్మా. ఒంట్లో రోగాన్ని అడ్డుకోవాల్సిన శక్తే నరాల మీద పడుతుంది. చాలామంది కోలుకుంటారు. టైం పడుతుంది” అన్నారు.

నరాల మీద ఆ దాడి తగ్గించే ఐవీఐజీ మందు సెలైన్‌లా ఎక్కించడం మొదలుపెట్టారు. మర్నాడు ఊపిరి బరువైంది. సాయంత్రానికి వెంటిలేటర్ పెట్టాల్సి రావచ్చని, సంతకం కావాలని అన్నారు. పెన్ను అందుకున్నాను.

“మీరు పేషెంటుకి ఏమవుతారండి?” అని నర్సు అడిగింది.

“ఫ్రెండ్‌ని” అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధపడతాను.

రక్తసంబంధీకులే పెట్టాలంది. సుగుణ అన్న ప్రభుదాసు గారు రేపల్లెలో ఉంటారు. మా సంగతి తెలిసినప్పటి నుంచి, ఆరేళ్లుగా, మాతో మాటల్లేవు. అయినా ఫోన్ చేశాను. గంటన్నరలో వచ్చి, చూపించిన చోటల్లా సంతకం పెట్టారు. ఆ రాత్రే ఐసీయూలో మత్తిచ్చి, గొంతులోకి ట్యూబ్ వేసి వెంటిలేటర్ పెట్టారు. లోపలికి వెళ్లే పాస్ కూడా ఆయన పేరు మీదే ఇచ్చారు.

నేను బయట కుర్చీలో కూర్చునేదాన్ని. ఆ రోజుల్లోనే సుప్రీంకోర్టులో మాలాంటి వాళ్ల పెళ్లి మీద వాదనలు జరుగుతున్నాయి. ఆ వార్తలన్నీ ఫోన్లో చదివేదాన్ని. చట్టం ఒప్పుకుని ఉంటే, ఈపాటికి లోపల సుగుణ చెయ్యి పట్టుకుని ఉండేదాన్ని కదా అనుకునేదాన్ని.

అయిదో రోజు ప్రభుదాసు గారు బయటికొచ్చి పాస్ నా చేతిలో పెట్టారు.

“కళ్లు తెరిచిందమ్మా. నీకోసం వెతుకుతోంది. నువ్వెళ్లు” అన్నారు. నర్సు అడ్డుపడితే, “మా ఇంటిమనిషేనండి” అని చెప్పారు.

ట్యూబ్ తీసిన వారానికి న్యుమోనియా వచ్చి మళ్లీ ఐసీయూకి మార్చారు. ఇంటికొచ్చాక నెలల తరబడి ఫిజియోథెరపీ. తీర్పు వచ్చిన రోజుకు సుగుణ వాకర్ పట్టుకుని వరండాలో నాలుగడుగులు వేస్తోంది. మాలాంటి పెళ్లికి కోర్టు ఒప్పుకోలేదని, చట్టం చేయాల్సింది పార్లమెంటేనని చెప్పిందన్నాను. సుగుణ వాకర్ మీదున్న తన వేళ్లకేసి చూసుకుంది.

“రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకం పెట్టాలని, వేళ్లకి రోజూ ఎక్సర్‌సైజ్ చేశానే” అంది.

ఇప్పుడు చేతికర్రతో స్కూలుకు వెళ్తోంది. ఆదివారం చర్చి అయ్యాక వాళ్లన్నయ్య ఫోన్ చేస్తారు. నాతోనూ మాట్లాడతారు. పెళ్లి మాట వచ్చినప్పుడల్లా మేమిద్దరం ఇంకా ఆశగానే మాట్లాడుకుంటాం.

మాలా బతుకుతున్న వాళ్లకు ఒకటే చెబుతాను. ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే, జబ్బు చేస్తే మీ తరఫున ఎవరు నిర్ణయం తీసుకోవాలో లాయరు చేత రాయించి, సాక్షులతో సంతకాలు చేయించి, నోటరీ చేయించుకోండి. ఇంట్లో ఒక్కరికైనా ఆ సంగతి చెప్పి ఉంచండి. అన్ని ఆసుపత్రులూ దాన్ని ఒప్పుకోకపోవచ్చు. అయినా రాయించుకోండి. మేమూ రాయించుకున్నాం. అందులో సుగుణ సంతకం కాస్త వంకరగా పడింది. ఇంకో కాగితం మీద మళ్లీ పెడతానంటే, నేనే వద్దన్నాను.