రూతు పేరుకు పలికిన గొంతు

వరంగల్ నుంచి మా చర్చి హాస్టల్ పిల్లలను తీసుకొచ్చి ములుగు అడవిలో డేరాలు వేసుకున్నాం. ఈ సాయంత్రం వాగులో స్నానాలయ్యాక, వార్డెన్ మరియమ్మగారు గట్టున నిలబడి ఎప్పటిలాగే పేర్లు పిలిచారు. పిల్లలు ఒక్కొక్కరే "హాజిర్" అన్నారు. చివర ఆమె "రూతు" అని పిలిచి ఆగారు.

రూతు నిరుడు ఇదే వాగులో మునిగిపోయిన పిల్ల. ఆ పేరును మరియమ్మగారు ఇప్పటికీ పిలుస్తారు. పాత పిల్లలూ, టీచర్లమైన మేమూ తల దించుకొని నిలబడతాం. అది ముసలితనపు చాదస్తమని నేను అనుకునేదాన్ని.

ఈ రోజు వెనక వరుసలోంచి సన్నగా "హాజిర్" అని వినిపించింది.

మరియమ్మగారు లాంతరు ఎత్తి వెనక వరుస వైపు చూశారు. పలికింది కొత్తగా చేరిన సుగుణ.

"ఎందుకు పలికినవ్ బిడ్డా?"

"ఎవ్వరు పలుకుతలేరు కదమ్మా. ఆ అక్కకు దెబ్బలు పడతయేమోనని."

మరియమ్మగారు తడి ఇసుకలోనే కూర్చుండిపోయారు.

"పోయినేడు గూడ గిట్లనే రూతు పేరుకు ఒక దోస్తు పలికింది. అందరున్నరనుకొని డేరాలకు తోల్కపోయిన. గప్పుడు రూతు నీళ్లల్లనే ఉన్నది. గందుకే ఆ పేరు పిలిచి చూస్త, వేరేటోళ్ల పేరుకు ఎవరన్న పలుకుతరేమోనని."

కాసేపటికి ఆమె లేచి మొదటి పేరు నుంచి మళ్లీ పిలిచారు. రూతు పేరు దగ్గర ఆగితే వాగు చప్పుడొక్కటే వినిపించింది.

చాదస్తమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. బడిలో దోస్తు పేరుకు ఒక్కసారైనా పలకనివాళ్లు మీలో ఎవరైనా ఉంటే చెప్పండి. నాకు మాత్రం ఆ సన్నని గొంతు ఇంకా వినిపిస్తూనే ఉంది, అది సుగుణదేనని తెలిసి కూడా.