గాలి నిండిన టైరు

ఆ ఏడాది మా షాపులో పనిచేసే మిత్రుడి కూతురి గుండె ఆపరేషన్ కోసం, ఆరుగురం విశాఖ నుంచి విజయవాడకు సైకిళ్ల మీద వెళ్లి విరాళాలు పోగుచేయాలనుకున్నాం. ఒకడు ఆగితే అందరూ ఆగాలన్నది మా ఒప్పందం. నాకు అంత దూరం తొక్కడం కొత్త. ప్రతి ఆదివారం ఎలమంచిలి దాకా తొక్కి వస్తున్నానని వాళ్లకు చెప్పేవాణ్ణి. వెళ్లడం నిజమే. రావడం మాత్రం ప్యాసింజర్ రైల్లో.

ఒక ఆదివారం రైలు పెట్టె తలుపు దగ్గర, నా సైకిల్ పక్కనే తన సైకిల్ ఆనించాడు చేపలమ్ముకునే మనిషి ఒకతను.

"ఏటి బావ, రైలెక్కించీసినావ్?"

"పంక్చర్," అన్నాను.

"ఓసోస్, అంతేనా! అనకాపల్లి వచ్చీలోగా ఏసేత్తాను," అంటూ సంచిలోంచి సొల్యూషన్ ట్యూబు తీసి కూర్చున్నాడు. నేను వద్దంటూనే ఉన్నాను. అతని బొటనవేలు ముందు టైరును నొక్కింది, తర్వాత వెనక టైరును. రెండూ రాయిలా ఉన్నాయి. పెట్టెలో అందరూ మమ్మల్నే చూస్తున్నారు.

అతను వెనక చక్రం వాల్వు విప్పాడు. గాలంతా బుస్సుమని పోయింది.

"పంచరే," అన్నాడు అందరికీ వినబడేలా. తర్వాత వాల్వు బిగించి, తన పంపు నా చేతిలో పెట్టి గొంతు తగ్గించాడు. "అనకాపల్లిలో దిగి గాలి కొట్టుకో బావ. ఇంటికాడికి తొక్కుకుపో."

దిగాను. పంపు తిరిగిచ్చేలోగా రైలు కదిలిపోయింది.

మర్నాడు మిగతా ఐదుగురికీ నిజం చెప్పాను. నా సాధన కోసం యాత్రను మూడు వారాలు వెనక్కి జరిపారు. ఆ మాట పాప తండ్రికి చెప్పడానికి నన్నే పంపారు.