అద్దంలోకి వచ్చిన అక్క

మొన్న ఏ.ఎస్. రావు నగర్‌లో కొత్తగా తెరిచిన సెలూన్‌ను ఊరికే చూసిపోదామని అడుగుపెడితే, కౌంటర్ దగ్గరి అమ్మాయి నా తలను ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసి, కటింగ్ ధర చెప్పాలా, పాలిష్ ధర చెప్పాలా అని పాపం తికమకపడింది. ఊరందరి జుట్టూ కాపాడినవాణ్ణి, నా ఒక్క నెత్తిని కాపాడుకోలేకపోయాను. మిఠాయి కొట్టువాడికి షుగర్ వచ్చినట్టన్న మాట. అయితే నేను బయటికి వచ్చేసింది ఆ సిగ్గుతో కాదు. అక్కడ అద్దమద్దానికీ ఒక నేను నిలబడి నన్నే చూస్తుంటే ఒళ్లు జలదరించింది. మన ఈడువాళ్లకైతే చెప్పొచ్చు గానీ, ఆ పిల్లకేం చెబుతాను, పనిలో చేరిన మొదటి నెలలోనే నాకు అద్దం భయం పట్టుకుందని.

ఏడో తరగతితో బడికి సలాం కొట్టినవాణ్ణి. కొన్నేండ్లకు బ్యూటీషియన్ కోర్సు పాసై సర్టిఫికెట్ తెస్తే మా అమ్మీ ఫ్రేము కట్టించింది. మా అబ్బా మాత్రం, ముఖాలకు సున్నం వేయడానికి సుత సర్కారు ముద్ర కావాలా అని వచ్చినవాళ్లందరి ముందూ నవ్వాడు. సైనిక్‌పురిలో ఒక మేడమ్ తన ఇంటి ముందుగదిలో నడిపే పార్లర్‌లో పని దొరికింది. మా పనిలో ఒక చిత్రముంది. మనిషి ముఖాన్ని నేరుగా చూడం. వెనకాల నిలబడి అద్దంలోనే చూస్తాం, అద్దంతోనే మాట్లాడతాం, నవ్వినా అద్దానికే నవ్వుతాం.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, మేడమ్ నా చేతికి మేకప్ పెట్టె ఇచ్చి వెనక సందులోని ఒక ఇంటికి పంపింది. తలుపు తీసినామెకు యాభై దగ్గర ఉంటాయి, మాట గాలికన్నా మెల్లగా ఉంది. కరెంటు లేదు. ఇల్లంతా అగరొత్తుల వాసన, లోపలి గదిలో ఎవరో బరువుగా ఊపిరి తీస్తున్న చప్పుడు. ఆమె కిటికీ పక్కనున్న అద్దం ముందు కూర్చుని, ఒక ఫొటో ఇచ్చి, అచ్చం గిట్లనే తయారు చెయ్యమన్నది. అందరూ పదేండ్లు వెనక్కి పోవాలనే వస్తారు, మీరేమో అడ్రసు సుత తెచ్చుకున్నారని జోకు వేశాను. ఆమె నవ్వలేదు. ఫొటోను అద్దం అంచుకు చెక్కి తలెత్తితే, ఎదురు గోడకు దండ వేసిన ఫ్రేము ఉంది. లోపల ఫొటో లేదు.

నా చెయ్యి ఆగడం చూసి ఆమె సంగతి చెప్పింది. ఆ ఫొటో ఏడాది పెద్దదైన అక్కది. అక్క ఈ మధ్యనే నిజామాబాద్‌లో పోయింది. మంచంలో ఉన్న తల్లికి తెలియనివ్వలేదు. ఆ తల్లేమో, చూపు మసకైనా పట్టు తగ్గక, పెద్దబిడ్డ వస్తే తప్ప ముద్ద ముట్టనని నోరు మూసుకుంది. తిండి లేకుంటే ఇక ఆశ లేదని డాక్టరు చెప్పి వెళ్లాడు. ఒకే పోలికతో పుట్టిన ఆడపిల్లలని, చిన్నప్పుడు తల దువ్వేటప్పుడు ఆ తల్లే గుర్తుకోసం చెరొక పక్క పాపిట తీసేదట. పెట్టె సర్దుకుని పోదామనిపించింది గానీ, లోపలి ఊపిరి నన్ను కదలనివ్వలేదు.

ఫొటోనూ అద్దాన్నీ పక్కపక్కన చూసుకుంటూ పని షురూ చేశాను. పాపిట తీసి, చెవుల మీదికి జుట్టు దించాను. కనుబొమ్మలు గుండ్రం చేశాక అద్దంలోని కండ్లు వేరెవరివో అయ్యాయి. పెద్ద బొట్టు పెట్టి చెయ్యి తీసేసరికి, కుర్చీలో ఒకామె, అద్దంలో ఇంకొకామె ఉన్నట్టు తోచి, వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి; అప్పట్లో ఉండేవి లెండి. ఆమె అద్దంలోకే చూస్తూ, “అక్కా, వచ్చినవా?” అన్నది. ఎవరూ జవాబు చెప్పకుండా చూడమని అల్లాను వేడుకున్నాను.

ఆమె లేచి లోపలికి నడిచింది. అది తలుపు తీసినామె నడక కాదు. గొంతు సుత మారి, పెద్దరికంగా, “అమ్మా, నేనొచ్చిన” అన్నది. ఫొటో పట్టుకుని గడప దగ్గర నిలబడ్డ నేను, ఆమె ఇటు తిరిగినప్పుడు, తయారైన ముఖాన్ని మొదటిసారి నేరుగా చూశాను. ఫొటోలో అక్కకు పాపిట తన కుడివైపు, ఈమెకు ఎడమవైపు. అద్దంలో సరిపోల్చుకుంటూ దువ్వినవాణ్ణి, పక్క మారిందని నాకు తెలియలేదు. రోజూ అద్దంలో తన పాపిట ఆ పక్కే చూసుకునే ఆమెకూ తెలియలేదు.

ముసలమ్మ చెయ్యి చాచి బిడ్డ నెత్తి నిమిరింది. వేళ్లు కుడివైపు వెతికాయి, ఆగాయి, ఎడమకు వచ్చి పాపిట వెంట మెల్లగా సాగాయి. అప్పుడామె నోరు తెరిచింది. పెరుగన్నం ముద్ద లోపలికి పోయింది, దాని వెనక ఇంకొకటి.

ఇప్పుడు ఫోనులో వేలు ఆడిస్తే ఎవరి ముఖమైనా ఎవరికైనా వచ్చేస్తుంది, పోయినవాళ్లు సుత నవ్వుతారు, మాట్లాడతారు, ఎవరికీ జెరంత భయం కూడా ఉండదు. మా రోజుల్లో ఒక ముఖం మీదికి ఇంకొక ముఖం తేవాలంటే చేతులు పెట్టాలి. కింద ఉన్న మనిషి వెచ్చదనం మన వేళ్లకు తెలిసేది. ఆ వెచ్చదనం లేని బొమ్మలను చూసినప్పుడల్లా నాకు ఆ ముసలమ్మే గుర్తొస్తుంది. ఆ రోజు కూతురు గిన్నె తీసుకుని వంటింట్లోకి పోగానే, నా నోరు ఊరుకుంటుందా, మంచం మీదికి వంగి, అవ్వా, మీ పెద్దబిడ్డను ఎంత మంచిగా తయారు చేశానో చూశారా అని గొప్పలు పోయాను. ఆమె మసక కండ్లు నా మీద నిలిపి, వంటింటికి వినబడకుండా అన్నది:

“ముఖమంత పోయినదానిది పెట్టినవ్ బిడ్డా, పాపిట ఒక్కటి ఉన్నదానిది ఉంచినవ్. అది చేతికి తగిలినంకనే, ఉన్నదాని కోసం నోరు తెరిచిన.”