లంగా బొందుకు బస్తా ముడి

ఈ ఉదయం రెండో పీరియడ్‌లో గాలి మళ్లి, మిర్చి యార్డు వైపు నుంచి మిరపకాయల ఘాటు మా నల్లపాడు బడి కిటికీలోంచి లోపలికొచ్చింది. తుమ్ము వస్తుందని తెలియగానే సుద్దముక్క పక్కన పెట్టి, కాళ్లు దగ్గరికి చేర్చి, లోపల బిగబట్టి, అప్పుడు తుమ్మాను. చుక్క పడలేదు. ఈ విద్య నాకు ట్రైనింగ్ కాలేజీలో ఎవరూ చెప్పలేదు. మా కింది వాటాలో బట్టలు కుట్టే ఖాసింబీ నేర్పింది. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది.

నాలుగేళ్ల కిందట స్కూటీ మీంచి పడితే నా కుడి భుజానికి ఆపరేషన్ చేశారు. చేతిని మెడకు వేలాడదీసి, ఆరు వారాలు కదపొద్దన్నారు. దగ్గినా తుమ్మినా ఒకటీ అరా చుక్క పడటం నాకు ముందునుంచీ ఉన్నదే. రెండు చేతులున్నప్పుడు పరుగెత్తి ఎలాగో సర్దుకునేదాన్ని. ఒంటిచేత్తో లంగా బొందు ఊడదీయడం మాత్రం నా తరం కాలేదు. నైటీ వేసుకోవచ్చుగా అంటారేమో, పరామర్శకు వచ్చేవాళ్లకు టీచరు నైటీలో కనపడటమేమిటని నా పంతం. పంతానికి ఫలితం దక్కింది లెండి.

మా ఆయన యార్డులో మిరప బస్తాలు బిగించే పనితో మొదలుపెట్టి గుమాస్తా అయిన మనిషి. ఆ రోజు పనికి వెళ్తూ నాకు చీర చుట్టి, చేతికి అలవాటైన ముడే వేసి పోయారు. పదకొండింటికి అవసరం ముంచుకొచ్చింది. ముడి లాగేకొద్దీ బిగుసుకుంటోంది. బాల్కనీలోంచి ఖాసింబీని కేకేశాను. మెడలో టేపు, చేతిలో కత్తెరతో మెట్లెక్కి వచ్చి, బొందు కత్తిరించింది. అప్పటికే గచ్చు తడిసిపోయింది. సిగ్గుతో భోరుమని ఏడ్చాను.

ఆవిడ గచ్చు తుడుస్తూ తెగిన ముడిని చేతిలోకి తీసుకుని చూసింది. "సారు వేశారా? లంగాని లారీ ఎక్కిద్దామనుకున్నారేమో," అంది. నవ్వు ఆపుకోలేకపోయాను, దాంతో మరికాస్త తడిసింది. నలుగురు పిల్లలు పుట్టాక తనకూ ఇరవై ఏళ్లుగా ఇదే సంబడమని అప్పుడు చెప్పింది.

మర్నాటికల్లా నా లంగాలన్నిటికీ ఎలాస్టిక్ వేసి, పాత లుంగీలు మడతలు పెట్టి, లోపల పెట్టుకోడానికి మెత్తలు కుట్టింది. తుమ్మేముందు బిగబట్టడం నేర్పింది. భయంతో నేను మంచినీళ్లు మానేస్తే, తాగకపోతే ఇంకా మండుద్దని చెంబుతో ఎదురుగా నిలబడి తాగించేది. రెండు గంటలకోసారి కుట్టుమిషను ఆపి కిందనుంచి "టీచరమ్మా, బెల్లయింది" అని అరిచేది. అది ఏ బెల్లో వీధికి తెలియదని నేను ధైర్యంగా ఉన్నాను. ఒకరోజు పాలు పోసే ఆయన "మేడం గారూ, బెల్లయిందంటండి" అని గుర్తుచేశాడు.

సెలవు అయిపోవచ్చింది. పిల్లల ముందు చీర తడిస్తే ఇక ఏం ముఖం పెట్టుకుని పాఠం చెప్పను? ఉద్యోగం మానేస్తానని మా ఆయన చేత కాగితం రాయించాను. సంతకం ఒక్కటే మిగిలింది. మెత్తలు ఇవ్వడానికొచ్చిన ఖాసింబీ ఆ కాగితం ఏమిటని అడిగింది. చెప్పాను.

"మా చిన్నమ్మాయి నూర్జహాన్ మూడో తరగతిలో మీ క్లాసులోనే తడుపుకుంది టీచరమ్మా. చిటికెన వేలు చూపిస్తే, బెల్లు కొట్టేదాకా కూర్చోమన్నారంట."

నాకేమీ గుర్తు లేదు. అందరికీ అదే మాట చెప్పేదాన్ని, అదేదో క్రమశిక్షణ అనుకుని. అప్పుడే వచ్చి నన్ను తిట్టలేదేమని అడిగాను.

"తిడదామనే అనుకున్నా. మీ బట్టలు నా దగ్గరే ఉన్నాయిగా. ఆ నెల మీ జాకెట్లు చంకల్లో బిగించి కుట్టా."

ఆ జాకెట్లు మాత్రం గుర్తున్నాయి. పసిపిల్ల తడిసిన గౌను గుర్తు లేదు గానీ, నా చంక ఒరుసుకుపోవడం గుర్తుంది. అంత సిగ్గు నాకు గచ్చు తడిసిన రోజు కూడా వేయలేదు.

"మర్నాడు బడికి పోనని ఏడిసింది. పంపించా, పోయింది. మీరూ పోండి," అంది ఖాసింబీ.

కాగితం చించాలన్నా రెండు చేతులు కావాలి కదా. ఆవిడే కత్తెరతో నాలుగు ముక్కలు చేసి పెట్టింది. సోమవారం బడికి వెళ్లి, ముందుగా పిల్లలకు చెప్పాను, బయటికి వెళ్లాలంటే ఇకమీదట నన్ను అడగనక్కర్లేదని. నేనూ వాళ్లను అడగనని చెప్పాను.

ఈ ఉదయం నా తుమ్ముకు పిల్లలంతా నవ్వుతుంటే, కొత్తగా చేరిన పాప ఒకతి భయంభయంగా చిటికెన వేలెత్తింది. నేను నోరు తెరిచేలోపే క్లాసంతా వాకిలి చూపించింది.