మెట్లు లేని బేస్ గిటారు

ఎనభైల్లో మా మదనపల్లె ఆర్కెస్ట్రాలో నేను బేస్ గిటారు వాయించేవాణ్ణి. బెంగళూరు మిత్రుడొకడు తన గిటారు కొనుక్కోమని, ముందు వాయించి చూడమని ఇచ్చాడు. దాని మెడ మీద, వీణకుండే లాంటి మెట్లు లేవు. వేలు ఎక్కడ నొక్కాలో చెవే చెప్పాలి. పెళ్లిలో శ్రుతి తప్పితే పరువు పోతుందని భయపడి, తిరిగిచ్చేయడానికి బయల్దేరాను.

దారిలో కుప్పంలో పని చూసుకుని, అక్కడి స్టేషన్లో బెంగళూరు రైలు కోసం చూస్తూ, చివరిసారిగా తీగ మీటాను. బల్లకు అటు చివర కూర్చున్న పెద్దావిడ నావైపు తిరిగింది.

"అదేందప్పా, సద్దే రాలేదే?"

"కరెంటు లేకుంటే ఇంతేమ్మా," అని గిటారు తలను ఆ చెక్కబల్లకు ఆనించి, తీగ మీటి వేలు పైకి జార్చాను. బల్లంతా మూలిగింది. ఆమె ఉలిక్కిపడి లేచింది. మళ్లీ నెమ్మదిగా కూర్చుని, అరచెయ్యి బల్లకు ఆనించింది.

"మనిషి గొంతెత్తినట్టే ఉండాది. ఇంగోసారి వాయించు, సూద్దాం."

రైలొచ్చేదాకా వాయించాను. ఆ చెయ్యి బల్ల మీంచి కదల్లేదు.

గిటారు నాదే అయింది. పుంగనూరు పెళ్లిళ్లలో చప్పట్లన్నీ పాడేవాళ్లకే పడేవి. నేను మాత్రం ముందువరస బల్లల కేసి చూసేవాణ్ణి. ఎవరో ఒకరు, తమకు తెలియకుండానే, అరచెయ్యి బల్లకు ఆనించి ఉండేవారు. ఆ చప్పట్లన్నీ ఇస్తామన్నా ఆ ఒక్క చేతిని వదులుకునేవాణ్ణి కాదు.