రెక్కలక్క సాక్ష్యం

హేచరీలో అందరూ ఆమెను రెక్కలక్క అనేవారు. చేపపిల్ల వీపు చివర ఉండే గోరంత రెక్కను కత్తిరించి ఏట్లోకి వదలడం ఆమె పని. ఆ రెక్క లేకపోతే హేచరీ చేప, ఉంటే ఏట్లో సొంతంగా పుట్టిన చేప. ఆమె చెయ్యి ఎంత చురుకంటే, చేప నీళ్లలో రెండు చుట్లు తిరిగాక గానీ తన రెక్క పోయిన సంగతి గ్రహించేది కాదు.

ఇంతలో సంస్కరణలొచ్చాయి. ఏట్లో పుట్టిన చేపలు పెరగాలని పైనుంచి హుకుం. హేచరీ పెద్దసారు తేలిక దారి కనిపెట్టి కత్తిరింపే ఆపించాడు. మూడేళ్లకు ఏటికి ఎదురీది తిరిగొచ్చిన చేపలన్నిటికీ రెక్కలు నిండుగా ఉన్నాయి. పెద్దసారు గోడ మీద ప్రశంసాపత్రం వెలిసింది. రెక్కలక్క చేతికి చీపురొచ్చింది.

ఈ అద్భుతాన్ని పరిశీలించడానికి స్వతంత్ర శాస్త్రీయ సంఘం దిగింది. అధ్యక్షుడు పెద్దసారుకు స్వయానా తోడల్లుడు. పెద్దసారు కారులో వచ్చి, పెద్దసారు ఇంట్లో భోంచేసి, పెద్దసారు రాసిచ్చిన నివేదికలో కామాలు మాత్రం స్వతంత్రంగా పెట్టుకున్నాడు. రెండో సభ్యుడు కుర్చీలో కునుకు తీస్తున్నాడు. మూడో సభ్యురాలు, ఒక కళ్లజోడమ్మాయి, తొట్ల దగ్గరికి నడిచింది. వెనకే తోడల్లుళ్లిద్దరూ పరిగెత్తారు.

పెద్దసారు ముందురోజే రెక్కలక్కను హెచ్చరించాడు. "ఎవరడిగినా అన్నిటికీ కత్తిరిస్తున్నామని చెప్పు. నోరు జారావో, ఎల్లుండి నుంచి రానక్కర్లేదు." మొగుడు నడుం విరిగి మంచంలో ఉన్నాడు. ఇంట్లో ఆమె జీతమే ఆధారం.

"అక్కా, అన్నిటికీ గుర్తు పెడుతున్నారా?" అని అడిగింది కళ్లజోడమ్మాయి.

"పెడుతున్నామమ్మా" అని నేల చూపులు చూసింది రెక్కలక్క.

అక్కడితో ఊరుకుంటే పోయేది. తోడల్లుడు ఏటికి ఎదురీది తిరిగొచ్చిన చేపల్లో ఒకదాన్ని వలతో ఎత్తి చూపించాడు. "చూడమ్మా, నిండు రెక్క! దీని తాతముత్తాతలంతా ఈ ఏటివాళ్లే!"

రెక్కలక్క పద్దెనిమిదేళ్ల పనితనానికి ఒళ్లు మండింది.

"ఏటి చేపా, నా మొహమా! వీపు మీది పెద్ద రెక్క చూడండి సారూ, ఎలా వంకర్లు పోయిందో! సిమెంటు తొట్టి గోడకి రాసుకుని అరిగిన రెక్క మళ్లీ అలాగే మొలుస్తుంది. మీ తోడల్లుడి గడపలో పుట్టిన పిల్లనే గుర్తుపట్టకపోతే ఎలాగండీ?"

కళ్లజోడమ్మాయి వంద చేపల్ని తిప్పి తిప్పి చూసింది. తొంభై మూడింటికి వంకర రెక్కలే.

"దీని మీద ఇంకా చర్చించాలి" అని నసిగాడు తోడల్లుడు.

"లెక్క రాసేశానండి" అంది కళ్లజోడమ్మాయి.

"నువ్వు రేపట్నుంచి రాకు!" అని రెక్కలక్క మీద అరిచాడు పెద్దసారు.

"అలా కుదరదండీ. ఆమె ఇప్పుడు సాక్షి. నివేదిక పూర్తయ్యేదాకా సాక్షిని పనిలోంచి తీయకూడదని మన నిబంధనల్లోనే ఉంది" అంది కళ్లజోడమ్మాయి.

నివేదిక పూర్తయితే ఆ తొంభై మూడూ బయటపడతాయి. అందుకని తోడల్లుడు ఒక ఉపసంఘం వేశాడు, దాని కింద ఇంకొకటి వేశాడు. చేపలు వంకర రెక్కలతో ఎదురీదుతూనే ఉన్నాయి. ఏడేళ్లు గడిచాయి.

"ఇంతకీ ఆ నివేదిక ఎప్పుడొస్తుందే?" అని మొగుడు మంచంలోంచి అడిగితే, "నీ నోట్లో మట్టి పడ! శుభమా అని పనికి బయల్దేరుతుంటే ఆ మాటేంటయ్యా?" అని కసురుతుంది రెక్కలక్క.