రివర్సు గేరు

ఆ బస్సు డ్రైవరుకి ఏడాదిగా పట్టుకున్నది ఒకటే పిచ్చి: వెనక్కి నడవడం. మెట్లు వెనక్కి దిగేవాడు, పాల ప్యాకెట్టుకి వెనక్కే వెళ్ళేవాడు. డిపోలో అందరికీ ముందు ఎదురయ్యేది ఆయన వీపే. వీధి వీధంతా కలిసి ‘రివర్సు గేరు’ అని పేరు పెట్టింది. ఆయన సందు మొదట్లో తగలగానే ఇస్త్రీ కొట్టువాడు పెట్టె పక్కన పడేసి మరీ అరిచేవాడు.

"రానీ, రానీ, రానీ... హోల్డాన్! కుక్క!"

ఆ కేకలకి సిగ్గుతో చచ్చేది మాత్రం ఆయన భార్య.

"ఏమండీ, కాళ్ళ వేళ్ళు ముందు వైపు ఎందుకుంటాయో ఎప్పుడైనా ఆలోచించారా?"

"వ్యాయామమే ఇది. డాన్సరు ఒళ్ళు. తుప్పు పట్టనివ్వకూడదు."

"డాన్సరట! డ్రైవరు సీటుకి అతుక్కుపోయి సీటు ఆకారానికొచ్చిన మనిషి డాన్సరట!"

ఆయనకి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. ఒంటికాలి మీద నిలబడి పళ్ళు తోముకునేవాడు. రెండు నీళ్ళ బకెట్లు తెమ్మంటే వాటిని పట్టుకుని గుంజీళ్ళు తీస్తూ తెచ్చేవాడు. వంటింటికి చేరేసరికి నీళ్ళన్నీ హాల్లో ఉండేవి. సిగ్నల్ దగ్గర బస్సాగితే పొట్ట లోపలికి పీల్చి బిగబట్టి, పచ్చ లైటు పడ్డాకే వదిలేవాడు. ఆ గాలికి ముందు సీట్లవాళ్ళ చేతుల్లో టిక్కెట్లు ఎగిరిపోయేవి.

అదే డిపోలో మెకానిక్కు ఆవిడ తమ్ముడు. వచ్చినప్పుడల్లా బావగారి చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి పెదవి విరిచేవాడు.

"అక్కా, బావని షెడ్డులో పెట్టాల్సిందే. ముందు గేర్లు పడటం లేదు."

"షెడ్డెందుకురా, తుక్కు కింద అమ్మెయ్!"

ఆవిడ మంట వెనక అసలు సంగతి వేరే ఉంది. కార్మికుల క్లబ్బులో శనివారం సాయంత్రాలు జంటలు డాన్సు చేస్తారు. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఏళ్ళ తరబడి ఒక్క శనివారం మానలేదు. ఆ డాన్సులో మగవాడు ముందుకి అడుగు వేస్తే ఆడది వెనక్కి వేస్తుంది. పోయినేడు అలా వెనక్కి వేస్తూనే ఆవిడ ఎవరో అడ్డంగా వదిలేసిన కుర్చీకి తగిలి వెల్లకిలా పడింది. మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది గానీ ఆవిడ మళ్ళీ క్లబ్బు గడప తొక్కలేదు. అడిగినవాళ్ళకి మోకాళ్ళ నొప్పులని చెప్పేది. ఆ మోకాళ్ళతోనే రోజూ కూరగాయల సంచీ మోసుకుని మూడో అంతస్తు ఎక్కేది.

తను మానేశాక ఈ మహానుభావుడు ఒళ్ళు ఎవరి కోసం సానబెడుతున్నట్టు?

"ఇంతకీ ఎవరితో చేస్తారట డాన్సు?" ఒకరోజు అడిగేసింది.

"చూద్దాం," అన్నాడాయన వెనక్కి వెళ్ళి బీరువాకి గుద్దుకుంటూ.

ఆ ‘చూద్దాం’ ఆవిడ గొంతులో చేపముల్లులా దిగబడింది. క్లబ్బు వార్షికోత్సవం నాడు తమ్ముణ్ణి వెంటేసుకుని బయల్దేరింది, డాన్సుకి కాదు, ఆ మహాతల్లి ఎవరో కళ్ళారా చూసి నాలుగు పెట్టడానికి. గోడవార కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చుంది.

పాట మొదలైంది. రివర్సు గేరు గదంతా దాటుకుని, జన్మలో మొదటిసారిలా ముందుకి నడిచి, ఆవిడ ఎదురుగా ఆగి చెయ్యి చాపాడు.

"నా మోకాళ్ళు..."

"మోకాళ్ళ సంగతి నాకు తెలుసులే. తలుపు లాగడానికి కూడా వెనక్కి చూసుకుని గానీ వెనకడుగు వెయ్యట్లేదు నువ్వు. అద్దంలో వెనక చూసుకునే ఉద్యోగం నాది. ఆ మాత్రం కనపడదా?"

ఆవిడ ఆయన మాటకి అవునన్నట్టు తలూపింది. అది కూడా జన్మలో మొదటిసారే.

"నీ అడుగులు నేను నేర్చుకున్నాను. వెనక్కి నేను వెళ్తా. నువ్వు ముందుకి రా, అంతే."

"అంటే... నేను నడిపించాలా మిమ్మల్ని?"

"ఇంట్లో చేసేదేగా!"

ఆవిడ లేచింది. ఒక అడుగు ముందుకి వేసింది. ఆయన వెనక్కి జారాడు. ఏడాది గుంజీళ్ళు ఊరికే పోలేదు. సీటు ఆకారపు మనిషి నూనె పోసిన తలుపులా తిరిగాడు. అయితే వీపుకి కళ్ళు మొలవలేదు కనక, తిన్నగా వెళ్ళి క్లబ్బు ప్రెసిడెంటుగారి పొట్టకి గుద్దుకున్నాడు. గోడ దగ్గర తమ్ముడు కళ్ళు మూసుకున్నాడు.

"ఇంత తిరిగీ చూసుకోవడం రాలేదా?" కసిరింది ఆవిడ.

"చూసేది నువ్వు కదా!"

ఆవిడ చుట్టూ చూసింది. అందరూ ఇటే చూస్తున్నారు. కొంగు దోపుకుంది, ఆయన భుజం మీద చెయ్యి సరిగ్గా వేసింది, పాటని మించి గొంతెత్తింది.

"రానీ, రానీ, రానీ... కొంచెం ఎడమకి... కుర్చీ ఉందండీ, హోల్డాన్! ఆఁ... రైట్ రైట్!"